విజయా సెట్ రద్దు చేస్తున్నాను, అడ్వాన్సులు వెనక్కి ఇస్తున్నాను

అందరికీ నమస్కారం. ముందు అసలు విషయం చెప్పేస్తాను. అడ్వాన్సులు తీసుకుని ఉగాదికి ఇస్తానన్న విజయా వారి డీవీడీ సెట్ ఇక రాదు. ఆలస్యం కాదు, రద్దు. 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'గుండమ్మ కథ' నాలుగూ ఒకే పెట్టెలో అని చెప్పుకున్నామే, ఆ సెట్. ఏ నంబరు నుంచి డబ్బు వచ్చిందో అదే నంబరుకి తిరిగి వేస్తున్నాను. షాపుకొచ్చి నగదు కట్టినవాళ్లు రసీదు పోగొట్టుకున్నా కంగారు పడక్కర్లేదు. పేర్లన్నీ నా పుస్తకంలో ఉన్నాయి.

బెజవాడ గవర్నరుపేటలో మన పాత సినిమా డిస్కుల షాపు పక్కన ఉండేవాళ్లు కొందరు "అట్టపెట్టెలు దించుతుంటే చూశాం కదండీ, సరుకు ఉంచుకుని రాలేదంటారేమిటి?" అని అడుగుతున్నారు. సరుకు వచ్చిన మాట నిజం. వచ్చింది మీకు ఇవ్వదగ్గది కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

చెన్నై నుంచి మనకు సరుకు పంపే పెద్దమనిషి పేరు ఇక్కడ రాయను. వీసీడీల కాలం నుంచీ ఆయన దగ్గరే కొంటున్నాను. మూతపడ్డ కంపెనీల గోడౌన్లలో మిగిలిపోయిన ఒరిజినల్ డిస్కులు వెతికి పంపేవారు. ఏనాడూ ఒక్క పెట్టె కూడా తిప్పి పంపాల్సిన అవసరం రాలేదు. ఈసారి ఆయన "నెగటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేయించిన కాపీ, ఫ్యాక్టరీలో ప్రెస్ చేసిన డిస్కు" అన్నారు. కవరు మీద కూడా అదే అచ్చు వేశారు. కవరు మాత్రం చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

సీలు తీసి డిస్కు వెనక్కి తిప్పితే ఊదా రంగు కనిపించింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఫ్యాక్టరీలో ప్రెస్ చేసిన డిస్కు వెనక వెండిలా మెరుస్తుంది. రెండు పొరలదైతే కాస్త బంగారు ఛాయ ఉంటుంది. మధ్య రంధ్రం చుట్టూ సన్నటి అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది. ఊదాగా ఉందంటే ఎవరో కంప్యూటర్లో పెట్టి రైట్ చేసిందని అర్థం. అందులో సినిమా నిలిచేది ఒక రసాయనపు రంగు మీద. ఎండకీ వేడికీ ఆ రంగు చెడిపోతుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? డిస్కులు పదికాలాలు దాచుకోవాలని కొనేవాళ్లకి ఇవా ఇవ్వడం?

అయినా లోపలి బొమ్మ బాగుంటే ఏం చేయాలో తర్వాత ఆలోచిద్దామనుకుని కంప్యూటర్లో పెట్టి చూశాను. మూడు గంటల పైన ఉండే 'మాయాబజార్' ఒకటిన్నర జీబీలో సర్దేశారు. ఒక పొర డీవీడీలోనే 4.7 జీబీ పడుతుంది, రెండు పొరలదైతే 8.5. ఒకటిన్నర జీబీలో మూడు గంటలంటే అది డీవీడీ కవరులో పెట్టిన వీసీడీ. 'లాహిరి లాహిరి' పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్లీ తీసిన వెన్నెల కోసమే ఆ సినిమా మళ్లీ మళ్లీ కొనేవాళ్లున్నారు మనలో. ఈ డిస్కులో నీళ్ల మీద వెన్నెల గళ్లుగళ్లుగా కదులుతోంది, గచ్చు మీద పలకలు పరిచినట్టు.

అంతటితో ఆగితే సర్దుకుందునేమో. అప్పటి సినిమా బొమ్మ వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీలో అంచు నుంచి అంచుకి నింపాలంటే పైనా కిందా కలిపి పావు వంతు కోసెయ్యాలి. వీళ్లు సరిగ్గా అదే చేశారు. 'వివాహ భోజనంబు' దగ్గర ఎస్వీ రంగారావు గారికి పైన కిరీటం తెగింది, కింద వంటకాలు తెగాయి. ఘటోత్కచుడి విందులో వంటకాలు కనపడకపోతే ఇక చూసేదేమిటండీ! రీలు మారే ముందు కుడివైపు పైమూల పడే చుక్క కూడా ఆ కోతలో పోయింది. థియేటర్లో ఆపరేటర్లుగా చేసినవాళ్లు మన రెగ్యులర్లలో ఉన్నారు. వాళ్లు మొట్టమొదట వెతికేది ఆ చుక్కనే. ఇక మూలన ఒకచోట బొమ్మ ఎప్పుడూ మసకగా ఉంది. టీవీ ఛానల్ గుర్తు చెరిపిన జాడ అది. 'గుండమ్మ కథ'లో ఒక సీనులో అడుగున టీవీ వాళ్ల స్క్రోలింగ్ అక్షరాల తలకట్లు కూడా మిగిలిపోయాయి. నెగటివ్ మీద స్క్రోలింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పెద్దమనిషినే అడిగాను.

"ఏమండీ, పాత సినిమాకి ఇంతకన్నా ఏం కావాలి? బొమ్మ కనపడుతోంది కదా, మాట వినపడుతోంది కదా" అన్నారు. డబ్బు ఎగ్గొట్టినా ఇంత బాధపడేవాణ్ని కాదు. ఇన్నేళ్లూ నాకు సరుకు పంపిన మనిషికి నేనేం అమ్ముతున్నానో తెలియలేదా అనిపించింది. సరుకు తిప్పి పంపుతానంటే సగం డబ్బు ఇస్తానన్నారు, అది కూడా తర్వాతి ఆర్డరులో తగ్గిస్తారట. తర్వాతి ఆర్డరు ఉండదని చెప్పాను. మా ఆవిడ "ఆ సగమైనా తీసుకోండి, పంతానికి పోతే ఉన్నదీ పోతుంది" అంటోంది. ఆమె చెప్పింది లెక్క ప్రకారం సరైనదే. నేను ఒప్పుకోలేదు.

ఈ సరుకుని ఏం చేయాలన్న దానిమీద నాకు నిద్ర పట్టలేదు. మీలోనే చాలామంది ఫోన్ చేసి "ఎలా ఉన్నా పర్లేదు, సగం ధరకి ఇచ్చెయ్యండి" అన్నారు. నాకూ అదే సబబనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, 'ఇది ఒరిజినల్ కాదు' అని స్టిక్కరు వేసి అమ్ముదామనుకున్నాను. స్టిక్కర్లు కూడా కొట్టించాను. అవి ఇప్పుడు కౌంటరు సొరుగులో పడి ఉన్నాయి. డిస్కులు పోగుచేసేవాళ్ల సంగతి నాకు తెలియనిది కాదు. ఈరోజు మీరు తెలిసి కొంటారు. రేపు మరొకరితో మార్చుకుంటారు, లేదా మీ తర్వాత ఇంట్లోవాళ్లు పాతవాటిలో అమ్మేస్తారు. అప్పటికి స్టిక్కరు ఊడిపోతుంది, నా షాపు ముద్ర మాత్రం మిగులుతుంది. కవరు మీద అబద్ధం అచ్చయి ఉన్నంతకాలం నేను పక్కన నిలబడి నిజం చెప్పినా లాభం లేదు. పైగా హక్కులెవరివో తేలని కాపీ అది, నిజం చెప్పి అమ్మినా నకలు అమ్మినట్టే. "మా నాన్నగారికి ఆ తేడాలేం తెలియవు లెండి" అని ఒకాయన అన్నారు. చూడండి, తేడా తెలిసేది ఆ నాన్నగారికే. ఆ సినిమా మొదటి ఆట చూసింది ఆయన కదా.

మన వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఈయన కూడా పైరసీ మొదలుపెట్టాడు" అని పెట్టారు. జవాబు ఇవ్వకూడదనుకున్నాను, ఇస్తున్నాను. ఫుట్‌పాత్ మీద దొంగ వీసీడీలు గుట్టలు పోసి అమ్మే రోజుల్లో ఎదురుగా ఒరిజినల్ పెట్టుకుని ఈగలు తోలుకున్నవాణ్ని నేను. 2007 ప్రాంతంలో డిస్కుల కంపెనీ మోసర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకీ డీవీడీ 34కీ తెచ్చేదాకా నా పరిస్థితి అదే. అప్పుడు పైరసీ అమ్మి ఉంటే ఈపాటికి ఈ షాపుకి అద్దె కట్టే పని ఉండేది కాదు.

ఇంకో సలహా కూడా వచ్చింది. "అరవై ఏళ్లు దాటిన సినిమాలు కదా, మీరే మంచి డిస్కులు చేయించండి" అని. మన చట్టంలో సినిమా మీద కాపీరైటు, విడుదలైన సంవత్సరం పోను 60 ఏళ్లు. ఆ లెక్కన 1957 నాటి 'మాయాబజార్'కి 2017తోనే తీరిపోయింది. అయితే రచనకి లెక్క వేరు. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, అంటే 2031 చివరిదాకా. ఈ చిక్కులు నాకు విడమరచి చెప్పింది మన కస్టమరే, వకీలు. ఫీజు అడగలేదు, పాత 'జగదేకవీరుని కథ' డిస్కు మీద కన్నేశారంతే. హక్కులున్నవాళ్లు ముందుకొచ్చి సరైన కాపీ ఇస్తే ఎంత పెట్టైనా చేయిస్తాను. వాళ్లనీ వీళ్లనీ దాటి నేను చేయను.

ఇక ముందు ఏమిటంటే, చేతిలో లేని సరుకుకి అడ్వాన్సు తీసుకోను. బయటి నుంచి వచ్చే ప్రతి డిస్కూ సీలు తీసి, మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూశాకే అమ్ముతాను. సీలు తీయనిదే కావాలనేవాళ్లు నన్ను క్షమించి వేరేచోట చూసుకోవాలి. దీనివల్ల ఒక్కో డిస్కు మీద కొంచెం ధర పెరుగుతుంది.

వీహెచ్ఎస్ క్యాసెట్ల నుంచి కాపీ చేసే పని మామూలుగానే నడుస్తుంది. ఆ క్యాసెట్లు ఆడించే వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది. ఉన్న మెషీన్లనే జాగ్రత్తగా వాడుతున్నాను, కాబట్టి తొందరపెట్టకండి. క్యాసెట్ కిటికీలోంచి టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఇంట్లో ఆడించొద్దు. టేపు పోవడమే కాదు, మెషీన్ హెడ్డుకి కూడా బూజు అంటుకుంటుంది. అలాగే పట్టుకొచ్చెయ్యండి.

చెన్నై పెట్టెలు షాపు వెనక గదిలోనే ఉన్నాయి. మొత్తం డబ్బు చేతికొచ్చేదాకా అక్కడి నుంచి కదలవు. ఈలోగా గుంటూరులో షాపు ఎత్తేస్తున్న ఒకాయన దగ్గర 'మిస్సమ్మ' పాత ప్రెస్ డిస్కులు కొన్ని దొరికాయి. వెనక వెండి రంగు, బొమ్మ పూర్తిగా ఉంది. రెండో రీలులో గీతలున్నాయి, అవి ప్రింటువే. సెట్‌కి అడ్వాన్సు కట్టినవాళ్లకి ముందు ఇస్తాను, మిగిలితే మిగతావాళ్లకి. అమెరికాలో ఉన్న పిల్లలకి పంపాలనుకునేవాళ్లు కొనేముందు ఒక్కసారి అడగండి. ఇవి మన దేశపు టీవీ పద్ధతైన పాల్ (PAL)లో చేసిన డిస్కులు, అక్కడి ప్లేయర్లు కొన్నింటిలో ఆడవు, కంప్యూటర్లో అయితే ఆడతాయి.