తోపుడు బండ్లు కాదు, బైకులు ఆపి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మన తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల తోపుడు బండ్లన్నీ తీసేస్తే తప్ప జనం నడవలేరని మొన్న మీ పేజీలో ఒకాయన రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది, నలభై ఏళ్లుగా నేనూ ఆ వీధుల్లోనే తిరుగుతున్నా. కానీ బండి తీసేసిన చోటికి మర్నాడు ఏం వస్తుందో కూడా చూశాను. రెండు బైకులూ ఒక కారూ. పోయిన డిసెంబర్లో మా అమ్మాయి వాళ్లుండే హనోయికి, అంటే వియత్నాం రాజధానికి, నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం. అక్కడ గడిపిన ఒక శనివారం సంగతి చెబితే, ఆయన మాట నేనెందుకు ఒప్పుకోవట్లేదో మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో శనివారం నీసు ముట్టం. మా ఆవిడైతే ఏ రోజూ ముట్టదు, అక్కడ ఏం తిని బతుకుతామోనని ఊరుబిండి, అటుకులు, కారప్పొడి సూట్‌కేసు నిండా సర్దింది. తీరా చూస్తే పొద్దున ఏడింటికి మా అమ్మాయి మమ్మల్ని పాత ఊళ్లో ఓ పెద్దావిడ గంప ముందు కూర్చోబెట్టింది. పసుపు వేసి ఆవిరి మీద ఉడికించిన జిగురు బియ్యం అన్నం ఉంది ఆ గంపలో. ఉడికిన పెసరపప్పును మెత్తగా నూరి ముద్ద చేసి పెట్టుకుంది. ఆ ముద్దను ఎడమచేత్తో పట్టుకుని కత్తితో పల్చగా చెక్కుతుంటే పప్పు రేకులు రేకులుగా అన్నం మీద రాలుతోంది, ఆపైన వేయించిన చిన్న ఉల్లిపాయలు, అంతా కలిపి అరిటాకులో పెట్టి ఇచ్చింది. సోయ్ సెయో అంటారట దాన్ని. పైన కొవ్వు కూడా పోస్తారు, అది మాత్రం వద్దని మా అమ్మాయి ముందే చెప్పింది. మా ఆవిడ ఒక ముద్ద తిని, "ఇదేంది, మిరియాలు వేయడం మర్చిపోయిన పొంగలి" అంది.

డబ్బులిచ్చేటప్పుడు నేనో ఘనకార్యం చేశా. వాళ్ల ఇరవై వేల నోటు నీలం, ఐదు లక్షల నోటూ నీలమే, రెండింటి మీదా హోచిమిన్ బొమ్మే. లక్షలని కంగారు పడకండి, మన రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు వస్తాయి. ఇరవై వేలనుకుని ఐదు లక్షలు, అంటే మన లెక్కలో పదహారు వందల పైచిలుకు, ఇచ్చేసి నా పాటికి నేను నడుచుకుంటూ పోతున్నా. ఆవిడ గంప వదిలేసి వెనకాలే వచ్చి, నోటు నా చేతిలో పెట్టి, నా పర్సులోంచి సరైన నోటు తనే తీసుకుని వెళ్లింది.

తర్వాత సాహిత్య మందిరం చూశాం. 1070లో కట్టింది, అక్కడ 82 రాతి తాబేళ్ల వీపుల మీద పాతకాలం పరీక్షలు ప్యాసైన వాళ్ల పేర్లు చెక్కిన శాసనాలున్నాయి. పరీక్షల ముందు పిల్లలొచ్చి ఆ తాబేళ్ల తలలు నిమిరి నిమిరి అరగదీస్తున్నారని ఇప్పుడు అడ్డు కట్టేశారు. మా ఆవిడ దూరం నుంచే కూర్మావతారానికి పెట్టినట్టు దండం పెట్టుకుంది.

మధ్యాహ్నం ఇంకో తమాషా. బోర్డు మీద చాయ్ అని కనిపిస్తే టీ కొట్టనుకుని లోపలికెళ్లి "రెండు చాయ్" అన్నా. రెండు కంచాల్లో అన్నం, టోఫు అనే సోయా పన్నీరు, ఆకుకూర వచ్చాయి. వాళ్ల భాషలో చాయ్ అంటే శాకాహారం! వాళ్లలో చాలామంది చాంద్రమానం ప్రకారం నెలలో ఒకటో రోజూ పదిహేనో రోజూ, అంటే దాదాపు మన అమావాస్య, పౌర్ణమి లెక్కే, మాంసం మానేస్తారట. మన ఊరి నుంచి వెళ్లేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. పక్క కొట్లో బొగ్గుల మీద పంది మాంసం కాలుతోంది, బున్ చా అంటారు, 2016లో ఒబామా వెళ్లి తిన్నది అదే. ఆ పొగ పీల్చి ఊరుకున్నా, శనివారం కదా. చివరికి వాళ్ల పేరున్న కాఫీలో కూడా గుడ్డే! 1946లో పాలకు కరువొస్తే న్గుయెన్ వాన్ జాంగ్ అనే హోటలు ఉద్యోగి పచ్చసొన గిలక్కొట్టి పోశాడట. అది నేను ఆదివారం తాగాను.

అసలు విషయానికి వస్తా. ఊరి నడిమధ్యలో హోన్ కియెమ్ అని ఓ చెరువుంది, అందులో ఎర్ర చెక్క వంతెన మీదుగా వెళ్లే చిన్న గుడి. ఆ చెరువు చుట్టూ ఉన్న రోడ్లలో 2016 నుంచి శుక్రవారం సాయంత్రం మొదలు ఆదివారం రాత్రి దాకా వాహనమన్నది తిరగకూడదు. మేం వెళ్లేసరికి నడిరోడ్డు మీద పిల్లలు తాడాట ఆడుతున్నారు, ముసలివాళ్లు పాటలు పెట్టుకుని డాన్సు చేస్తున్నారు, జనం ఐస్‌క్రీం తింటూ తిరుగుతున్నారు. హారన్ లేదు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ చెరువు చుట్టూ ఒక రౌండు పూర్తిగా నడిచింది.

హనోయి స్వర్గమేం కాదు. మిగతా వీధుల్లో ఫుట్‌పాత్ నిండా బైకులే, మనం రోడ్డెక్కాల్సిందే. ఆగకుండా, పరుగెత్తకుండా నిదానంగా దాటాలి, బైకులే తప్పుకుంటాయని మా అమ్మాయి నేర్పబోతే, "లీలామహల్ సర్కిల్ దాటిన దాన్ని, నాకు చెప్తావా" అని మా ఆవిడ ముందుకెళ్లిపోయింది.

మరి మనకూ ఊరి మధ్యలో గోవిందరాజస్వామి కోనేరుంది, గుడి చుట్టూ మాడ వీధులున్నాయి, దర్శనం చేసుకుని కొండ దిగొచ్చి సాయంత్రం ఎక్కడికెళ్లాలో తెలియక లాడ్జిలో కూర్చునే యాత్రికులున్నారు. నాలుగంటే నాలుగు శనివారాలు, సాయంత్రం ఐదు నుంచి పది దాకా, ఆ వీధుల్లోకి బైకులూ ఆటోలూ రాకుండా ఆపి చూడమనండి. అంబులెన్సుకీ, అక్కడ ఇళ్లున్న వాళ్లకీ దారి వదలాల్సిందే. తోపుడు బండ్ల వాళ్లకు గీత గీసి చోటు చూపించి, ధరల బోర్డు తప్పనిసరి చేయండి. మొన్న గుంటూరు నుంచి వచ్చిన మా తమ్ముడు స్టేషన్ దగ్గర ఒక చోట ధర అడక్కుండా రెండు దోశెలు తిని మూడు వందలు కట్టొచ్చాడు. వ్యాపారం పడిపోతుందని కొట్ల వాళ్లంటారేమో, నాలుగు శనివారాల అమ్మకం వాళ్లే లెక్క చూసుకుని చెప్పొచ్చు. కూర్చోడానికి మాత్రం హనోయిలో లాగా బాత్రూములో వాడే పొట్టి పీటలు వేయకండి, మా వయసు వాళ్లం లేవలేం.

ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి