పాత కంప్యూటర్‌ని తుక్కుకి వెయ్యలేదు, మీ శుభలేఖలు భద్రంగానే ఉన్నాయి

మాఘమాసం పెళ్లిళ్లకి శుభలేఖలు ఆర్డరిచ్చి, ప్రూఫ్ ఇంకా రాలేదేంటని ఫోన్లు చేస్తున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. షాపులో పాత డెస్క్‌టాప్ పాడైంది, ఇప్పుడు బాగైంది. ముహూర్తం దగ్గర పడిన వాళ్ల కార్డులు ముందు వేస్తాను, మిగతావి వచ్చే వారం.

"ఇంకా ఆ డబ్బా ఏటి బాబూ, కొత్తది కొనుక్కోలేవా?" అని గంటస్తంభం నుంచి రింగ్ రోడ్డు దాకా అడగని వాళ్లు లేరు. కొత్తది పక్కనే ఉందండీ, ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు దాన్లోనే చేస్తున్నాం. కానీ మీ ఇళ్లలో పెళ్లిళ్లన్నీ 2008లో కొన్న ఆ పాతదాన్లో, ఎక్స్‌పీ అనే పాత విండోస్ మీద, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో, అను అనే తెలుగు ఫాంట్లతో ఉన్నాయి. అవి యూనికోడ్ (ఏ సిస్టంలోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) కాదు కాబట్టి ఆ ఫాంట్లు లేని సిస్టంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిపోయి పిచ్చిరాతలా కనిపిస్తుంది. కన్వర్టర్లు వాడి చూశాను, ఎక్కడో ఒకచోట ఒత్తు ఎగిరిపోతుంది. ఇంటిపేరులో ఒత్తు పోయిన కార్డు పంచితే వియ్యాలవారి దగ్గర పరువు మీది, తిట్లు నావి. పెద్దమ్మాయి కార్డే చిన్నమ్మాయికి కావాలని, పేర్లు మార్చి తాతగారి ముందు కీ.శే. చేర్చమని వచ్చే వాళ్లు మీలో ఎంతమందో నాకు తెలుసు.

పాడైంది ఎలాగంటే, బటన్ నొక్కితే ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగిపోయేది. ర్యామ్ తీసి పిల్లల రబ్బరుతో రుద్దాను, లోపలి బటన్ సెల్ మార్చాను, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా వేరేది పెట్టాను. లాభం లేదు. సర్వీసు కుర్రాడొచ్చి మూత తీసి, "బాబాయ్, తుక్కుకి వేసేయ్, ఏదో వెయ్యి వస్తాది" అన్నాడు. హుద్‌హుద్ తుఫానుకి షాపులోకి నీళ్లొస్తే బల్ల మీద బల్ల వేసి కాపాడిన సిస్టం అది, ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే రెండు రాత్రులు వేసేద్దామనే అనుకున్నాను. మళ్లీ హార్డ్ డిస్కులో మీ ఆధార్ జిరాక్సులు, ఫొటోలు గుర్తొచ్చాయి. ఫార్మాట్ కొట్టినంత మాత్రాన అవి పోవు.

సరే, అదే రకం సెకండ్‌హ్యాండ్ మదర్‌బోర్డు (లోపల అన్నీ బిగించే పెద్ద బోర్డు) వైజాగ్‌లో ఒకాయన దగ్గర ఉందంటే డబ్బులు ముందే పంపాను. టెస్ట్ చేసిందే అన్నాడు. పేపర్లో చుట్టి పంపాడు, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీద మూత కూడా లేదు. ఈ రకం బోర్డుల్లో ప్రాసెసర్‌కి కాదు, సాకెట్‌కి ఉంటాయి పిన్నులు, వెంట్రుకల్లా సన్నగా. ఓ మూల నాలుగైదు వంగిపోయి ఉన్నాయి. పార్సిల్ విప్పుతూనే ఫొటో తీసి పంపితే "మీరే పెట్టేటప్పుడు వంచేసుంటారు, మాది టెస్టింగ్ వారంటీ మాత్రమే" అన్నాడు. ఇన్నేళ్లుగా నా ప్రింటర్లు నేనే విప్పి బిగించుకునే వాణ్ని, నాకు చెప్తాడా! ప్రాసెసర్ ఇంకా పాత బోర్డులోనే ఉందంటే ఫోన్ పెట్టేశాడు. డబ్బు రాలేదు, రాదు కూడా. ఆ బోర్డు కౌంటర్ వెనక గోడకి తగిలించాను, ఎవరైనా వైజాగ్‌లో సెకండ్‌హ్యాండ్ సామాను కొనాలనుకుంటే వచ్చి చూడండి.

చివరికి మన ఊళ్లోనే టీవీలు బాగుచేసే పెద్దాయన మా పాత బోర్డునే చూశారు. ప్రాసెసర్ పక్కన కెపాసిటర్లు (కరెంటుని నిలకడగా ఉంచే చిన్న డబ్బీలు) పైన చదునుగా ఉండాలి, మావి ఉబ్బిపోయి ఒకదాని నెత్తిన గోధుమరంగు జిగురు కారింది. అదే వోల్టేజివి కొత్తవి తెచ్చి, టంకం పెట్టి, ఆరువందలు తీసుకున్నారు. నొక్కగానే లేచింది. సర్వీసు కుర్రాడికి కూడా ఫోన్ చేసి చెప్పాను, చెప్పకుండా ఉంటానా.

మీ ఫైళ్లన్నీ రెండు బయటి డిస్కుల్లోకి కాపీ చేశాను, ఒకటి ఇంట్లో ఉంటుంది. పాత కార్డులు ఖాళీ ఉన్నప్పుడల్లా పీడీఎఫ్ చేస్తున్నాను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దానికి నెట్ ఇవ్వను, మీ పెన్‌డ్రైవ్ కూడా పెట్టనివ్వను, మొహమాటపెట్టకండి. మ్యాటర్ కాగితం మీద రాసివ్వండి, లేదా వాట్సాప్ చేయండి. రేట్లు పెంచలేదు. ప్రూఫ్ మీద సంతకం మాత్రం పెళ్లి పెద్దే వచ్చి పెట్టాలి, ఫోన్లో "బాగుంది, వేసేయ్" అంటే వెయ్యను.