ఆఫీసు ఫోనులో 108 నొక్కితే ఎక్కడ మోగుతుంది?

సంపాదకులు గారికి,

అయ్యా,

నేను బెంగళూరులోని ఒక సంస్థలో పదకొండేళ్లుగా ఆఫీసు ఫోన్ల నిర్వహణ చూస్తున్నాను. అమెరికాలోని మా శాఖల ఫోన్లను కూడా ఇక్కడి నుంచే చూసుకుంటాం. అత్యవసర నంబరు నొక్కితే కాల్ నేరుగా కలవాలి, అది ఎక్కడి నుంచో అవతలివారికి తెలియాలి అని అక్కడి ఫోన్ల విషయంలో రోజూ తీసుకునే జాగ్రత్త ఇక్కడ మన బల్లల మీది ఫోన్లకు ఎందుకు అక్కర్లేకుండా పోయిందో అర్థం కాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

2013 డిసెంబరులో టెక్సస్ రాష్ట్రం మార్షల్ పట్టణంలోని ఒక మోటెల్ గదిలో కారీ హంట్ అనే మహిళపై దాడి జరుగుతుండగా, ఆమె తొమ్మిదేళ్ల కూతురు అక్కడి అత్యవసర నంబరు 911కు నాలుగుసార్లు ప్రయత్నించింది. బయటి లైను కోసం ముందుగా ఇంకో 9 నొక్కాలని ఆ పిల్లకు తెలియదు. ఒక్కసారీ కలవలేదు, తల్లి దక్కలేదు. ఆమె పేరిట వచ్చిన చట్టం ప్రకారం, 2020 ఫిబ్రవరి 16 తర్వాత అమ్మిన, అమర్చిన ఆఫీసు ఫోన్ వ్యవస్థల్లో ముందు ఏ అంకె నొక్కకుండానే 911 కలవాలి, కాల్ వెళ్లినట్టు రిసెప్షన్‌కో సెక్యూరిటీకో తెలియాలి. మరో చట్టం కింద వీధి చిరునామాతోపాటు అంతస్తు, గది వంటి వివరాలు కూడా కాల్ వెంటే వెళ్లాలన్న నియమం కదలని ఫోన్లకు 2021 జనవరి 6 నుంచి, ల్యాప్‌టాప్‌లో వాడే సాఫ్ట్‌ఫోన్ల వంటివాటికి వీలైనంత మేరకు 2022 జనవరి 6 నుంచి అమలైంది.

నియమం రాసినంత సులువు కాదు, దాన్ని నిలబెట్టడం. ఫోన్ల కేబుళ్లన్నీ వచ్చి చేరే పెట్టెలో (నెట్‌వర్క్ స్విచ్) ఏ రంధ్రం (పోర్టు) ఏ అంతస్తుకు వెళ్తుందో, ఏ వైఫై పరికరం ఏ హాలులో ఉందో పట్టికలో రాసి ఉంచితే, వ్యవస్థ దాన్ని చూసుకుని చిరునామా పంపుతుంది. ఒక శనివారం ఎవరో వచ్చి కేబుళ్లు అటూ ఇటూ మార్చి వెళ్లారా, సోమవారానికి ఆ పట్టిక అబద్ధమై కూర్చుంటుంది. అక్కడి కొన్ని ఫోన్ సేవల్లో 933 నొక్కితే రికార్డులోని చిరునామాను యంత్రమే చదివి వినిపిస్తుంది. కిందటేడు ఒక సహోద్యోగి చేత నొక్కిస్తే 'మూడో అంతస్తు' అంది; ఆయన కూర్చున్నది ఐదో అంతస్తులో, అక్కడికి మారి ఎనిమిది నెలలైంది. సీట్లు మారుతున్నాయన్న మెయిల్ నాకు వచ్చింది, నేనే తెరవలేదు. తప్పు నాదే కనుక దాచి లాభం లేదు.

ఇక మన సంగతి. నేను ఇదివరకు పనిచేసిన చోట ఎక్స్‌టెన్షన్లు, అంటే ఆఫీసు లోపల ఒకరికొకరు చేసుకునే నంబర్లు, 101తో మొదలయ్యేవి. ఆ లెక్కన 108 అకౌంట్స్ గదికి, 112 ప్యాంట్రీకి దక్కాయి. దేశమంతటికీ ఒకే అత్యవసర నంబరు అని చెప్పుకునే 112 మా దగ్గర కాఫీ తెప్పించుకోవడానికి! ఒక రాత్రి షిఫ్టులో ఒకాయనకు గుండెనొప్పి వస్తే, పక్క సీటు కుర్రాడు కంగారులో బల్ల మీది ఫోనులోనే 108 నొక్కాడు. తాళం వేసిన అకౌంట్స్ గదిలో అది మోగుతూ ఉండిపోయింది. చివరకు మొబైల్‌తో చేస్తే అంబులెన్స్ గేటు దాకా వచ్చింది. అక్కడి గార్డుకు ఏ టవరో, ఎన్నో అంతస్తో తెలియదు. ఆయన బతికి బయటపడ్డారు, అంతవరకు అదృష్టం.

అందరి దగ్గరా మొబైల్ ఉందిగా అంటారు. బేస్‌మెంట్‌లో సిగ్నల్ ఉండదు, ఉన్నచోట కూడా మొబైల్ చెప్పే స్థానాన్ని బట్టి అంతస్తు పోల్చుకోవడం కష్టం. పైగా ప్రతి లేఅవుట్‌లోనూ ఒక 'రెండో క్రాస్' ఉండే ఊరు మనది.

కనుక ఆఫీసులు నడిపేవారు ముందు 100, 101, 108, 112లను ఎక్స్‌టెన్షన్ల జాబితాలోంచి తీసేయించి, బయటి లైను కోసం ముందు సున్నా నొక్కినా నొక్కకపోయినా అవి బయటి లైనుకే వెళ్లేలా చేయించాలి. తమ నంబర్లు ఫోన్ సంస్థ దగ్గర ఏ చిరునామా మీద ఉన్నాయో అడిగి తెలుసుకుని, పాత భవనానిదే ఉంటే రాతపూర్వకంగా మార్పించుకోవాలి. సీట్లు మార్చే ప్రతిసారీ ఆ కాగితం మీద ఫోన్లు చూసేవారి సంతకం కూడా ఉండాలన్నది నా అనుభవం నేర్పిన మాట, మెయిల్ చాలదు. ఉద్యోగులు ఈపాటి పని రేపే చేయవచ్చు: తమ ఫోను పక్కన భవనం పేరు, బ్లాకు, అంతస్తు, దగ్గరి గేటు నంబరు రాసిన చిన్న చీటీ అతికించుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు