పిడికిలి పిండించి క్లైంబర్లను ఎంచుకుంటారా?

సంపాదకులు గారికి,

పిడికిలి బలం మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది, కానీ రాక్ క్లైంబింగ్‌కి పిల్లల్ని ఎంచుకోవడానికి కూడా అదే పరీక్ష సరిపోతుందన్నట్టు రాశారు చూడండి, అక్కడే నా పేచీ.

పిడికిలి బలాన్ని కొలిచే డైనమోమీటర్‌ని గట్టిగా పిండితే కిలోల్లో ఒక అంకె వస్తుంది. ఆరోగ్యం అంచనాకి అది మంచి పరికరమే. మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు లక్షా 40 వేల మందిని పరీక్షిస్తే, పట్టు తక్కువ ఉన్నవాళ్లలో మరణాల ముప్పు ఎక్కువగా కనిపించిందని 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. కానీ బండ ఎక్కేటప్పుడు మనం దేన్నీ పిండం కదా! బొటనవేలికి చాలాసార్లు పనే ఉండదు, మిగతా నాలుగు వేళ్ల కొసలు సన్నటి అంచు మీద కొక్కెంలా వంగి ఒంటి బరువు మోస్తాయి. అందుకే మంచి క్లైంబర్‌కీ, బండ ముఖమే చూడని బలశాలికీ డైనమోమీటర్‌లో ఇంచుమించు ఒకే అంకె రావచ్చు. 20 మిల్లీమీటర్ల చెక్క అంచుని వేళ్లతో లాగించి, వచ్చిన బలాన్ని ఒంటి బరువుతో భాగిస్తే అసలు తేడా బయటపడుతుంది. మోచేయి, భుజం ప్రతిసారీ ఒకే కోణంలో ఉండాలి, ముందు వేళ్లకి వార్మప్ కావాలి, లేదంటే నిన్నటి అంకెకీ ఇవాళ్టి అంకెకీ పొంతన ఉండదు.

ఇక దమ్ము, అంటే పట్టు ఎక్కువసేపు నిలుపుకునే ఓపిక, దాని సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు, పొడవైన రూట్లలో చేయి జారేది ఎక్కువగా అది చాలకే. గట్టిగా బిగిసిన కండరం తన రక్తనాళాల్ని తనే నొక్కేస్తుంది, ఒక పట్టు వదిలి ఇంకో పట్టు అందుకునే ఆ కాస్త సమయంలోనే ముంజేతికి మళ్లీ ఆక్సిజన్ చేరాలి. దాన్ని అంచనా వేయడానికి 7 సెకన్లు శక్తికొద్దీ లాగి 3 సెకన్లు వదిలేయాలి, ఇలా 24 సార్లు, అంటే 4 నిమిషాలు (చెప్పినంత తేలిక కాదు, అయ్యాక సీసా మూత తియ్యడం కూడా కష్టమే). మొదట్లో బలం గబగబా పడిపోయి తర్వాత ఒకచోట నిలబడుతుంది, ఆ నిలబడినదాన్ని క్రిటికల్ ఫోర్స్ అంటారు.

భువనగిరి బండ మీద నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014లో, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది, అలాంటి పిల్లలు మన దగ్గర ఇంకా ఉంటారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్లైంబింగ్ విభాగాలైన బౌల్డర్, లీడ్, స్పీడ్ మూడింటికీ వేర్వేరు పతకాలు కాబట్టి రేపు సెలక్షన్ల హడావుడీ మొదలవుతుంది. నాకు టెన్షన్ అక్కడే. ఎదిగే వయసులో వేలి ఎముకల గ్రోత్ ప్లేట్లు (ఎముక పొడవు పెరిగే మెత్తటి భాగాలు) ఇంకా గట్టిపడవు, సన్నటి అంచుల మీద పదే పదే ఫుల్ లోడ్ పెడితే అవి చిట్లుతాయి. ఇంకోటి, బరువుతో భాగించిన అంకె కాబట్టి తిండి మానేసినా అది పెరుగుతుంది! బక్కచిక్కిన క్రీడాకారుల విషయంలో సరైన చర్యలు లేవంటూ అంతర్జాతీయ క్లైంబింగ్ సమాఖ్య వైద్య కమిషన్‌లోని డాక్టర్లు 2023లో రాజీనామా చేశాకే 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి.

కాబట్టి ఇక్కడ క్యాంపులు పెట్టేవాళ్లు పదహారేళ్ల లోపు పిల్లలకి ఈ ఫుల్ లోడ్ పరీక్షలు పెట్టొద్దు, పెద్దవాళ్ల ఫలితాలైనా నోటీసు బోర్డుకి అంటించొద్దు. వేలు నొప్పి అని పిల్ల చెబితే టేపు చుట్టి మళ్లీ ఎక్కించకుండా ముందు ఎక్స్‌రే తీయించండి.

— ఒక క్లైంబర్, హైదరాబాద్