బస్సిల్లు కావాలంటే ముందు బస్సు కిందికి దూరి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పాత బస్సు కొని ఇల్లుగా మార్చుకోవడం గురించి పత్రికల్లో వచ్చే కథనాలన్నీ లోపలి ఫొటోలతోనే నిండిపోతున్నాయి. చెక్క పలకల గోడలు, మడత మంచం, కిటికీ పక్కన బుల్లి వంటగట్టు. చూడముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ చెక్కపని కింద బస్సు ఏ స్థితిలో ఉందో ఎవరూ రాయడం లేదు. అవి చూసి ముచ్చటపడి, దాచుకున్న డబ్బంతా పెట్టి, పుచ్చిపోయిన బండి కొనుక్కునేవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. అందుకే బస్సు బాడీ పని తెలిసినవాళ్లుగా ఈ ఉత్తరం రాస్తున్నాం.

కాగితాల సంగతి ముందే తేలాలి. ప్రయాణికుల బస్సుగా నమోదైన బండిని నివాస వాహనంగా మార్పించుకోవడానికి మీరుండే చోట వీలుందా, ఉంటే లోపల ఏమేం ఉండాలంటారు, ఎన్ని సీట్లు ఉంచనిస్తారు, నడపడానికి ఏ లైసెన్సు కావాలి, బీమా ఎవరిస్తారు అన్నవి బయానా ఇవ్వకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఛాసీ (బండిని మోసే కింది ఇనుప చట్రం) నంబరు, ఇంజను నంబరు కాగితాలతో అంకెకు అంకె సరిపోవాలి. ఛాసీ మీద నంబరు కొట్టిన చోటే తుప్పు తినేసి ఉంటే ఆ బేరం వదులుకోవడమే మేలు.

ఇక తుప్పు. చేతిలో టార్చి, చిన్న సుత్తి, మొద్దు మొన స్క్రూడ్రైవరు పట్టుకుని బండి కిందికి వెళ్లాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ వెళ్లకండి; నేల మీదే ఉంచి, చక్రాలకు దిమ్మెలు పెట్టి వెళ్లండి. పొడవాటి ఛాసీ దూలాలు దళసరిగా ఉంటాయి కాబట్టి త్వరగా పోవు. వాటికి అడ్డంగా ఉండి నేలను మోసే క్రాస్ మెంబర్లు, చక్రాల పైనుండే గూళ్లు, మెట్ల పెట్టె, వెనక బంపరు పైభాగం ముందు పోతాయి. సుత్తితో తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది. పుచ్చిన ఇనుము బొదబొదమంటుంది, పెచ్చు రాలుతుంది. స్క్రూడ్రైవరు మొన నొక్కితే ఎర్రటి పొడి మాత్రమే అంటుకుంటే అది పైతుప్పు, బ్రష్షుకు లొంగుతుంది. మొన లోపలికి దిగిందా, ఆ ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేయాల్సిందే. కింద అంతా కొత్తగా నల్ల రంగు కొట్టి మెరుస్తోందంటే సంతోషించకండి. ఆ రంగు మీదే సుత్తి ఎక్కువసార్లు వేయండి.

లోపలికొచ్చి నేల మీది రబ్బరు షీటును ఒక మూల లేపి చూపించమనండి. కింద ప్లై నల్లబడి మెత్తగా ఉంటే నీళ్లు ఏళ్ల తరబడి దిగుతున్నట్టే. ఆ నీళ్లు ఎక్కువగా కిటికీ బీడింగుల నుంచీ, పైకప్పు రివెట్ల నుంచీ, టాపు కిటికీ అంచుల నుంచీ వస్తాయి. పైపుతో నీళ్లు కొట్టి చూసేటప్పుడు కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో వరుసా పైకి వెళ్లండి. ముందే పైన కొడితే అన్నిచోట్లా కారుతున్నట్టు కనిపిస్తుంది గానీ, కన్నం ఎక్కడుందో తెలియదు.

ఇంజను చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకంటే ముందే ఎవరో స్టార్టు చేసి పెట్టారన్నమాట. మరో రోజు చెప్పకుండా రండి. చల్లారిన డీజిలు ఇంజను మొదట కాస్త తెల్లపొగ వదలడం మామూలే. వేడెక్కాక కూడా తెల్లగా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) కాలుతోంది. నీలంగా వస్తే ఆయిలు. నల్లగా వస్తే ఎయిర్ ఫిల్టరు, డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు, ఇంజనులోకి గాలి నెట్టే టర్బో చూడాలి. నడుస్తుండగా ఆయిలు మూత తీసి, బోర్లించి ఆ రంధ్రం మీదే పెట్టండి. కొద్దిగా అదిరితే ఫరవాలేదు, ఎగిరి పడితే పిస్టన్ రింగులు అరిగాయి. డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే కడ్డీ) మీద ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయి. సిటీ బస్సుల గేరు నిష్పత్తి ఆగుతూ సాగే ప్రయాణానికి సరిపడేది. పెద్ద రోడ్డెక్కితే ఇంజను అరుస్తుందే గానీ బండి వేగం అందుకోదు. దూరప్రయాణాలు మీ ఉద్దేశమైతే టెస్ట్ డ్రైవు పెద్ద రోడ్డు మీదే చేయండి.

గాలి బ్రేకులున్న బస్సును చూడకుండా కొనడం ప్రాణాలతో చెలగాటం. చదునైన చోట, దిమ్మెలు పెట్టి చూడండి. రెండు గాలి ట్యాంకుల వ్యవస్థలో, ఇంజను మామూలు పని వేగంతో తిరుగుతుంటే గాలి ఒత్తిడి మీటరు ముల్లు 85 నుంచి 100 పీఎస్‌ఐకి (ఒత్తిడి కొలత) 45 సెకన్లలోపు ఎక్కాలి. నిండాక ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వదిలి, పెడలు గట్టిగా తొక్కిపట్టండి. నిమిషంలో 3 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడకూడదు. తర్వాత పెడలు కొడుతూ గాలి తగ్గిస్తే 60 దరిదాపుల్లో హెచ్చరిక మోగాలి, 20కీ 45కీ మధ్య పార్కింగ్ బ్రేకు తనంతట తానే పట్టేయాలి. ఏది తప్పినా మరమ్మతు చేయించాకే బండి కదలాలి. గాలి ట్యాంకు అడుగున నీళ్లు వదిలించి చూడండి. ఆయిలు జిగురు పడితే ట్యాంకుల్లో గాలి నింపే కంప్రెసరు పాతబడింది.

టైరు పక్కన నాలుగంకెల తయారీ ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. నేలను తాకే గాట్లు లోతుగానే ఉన్నా ఏడేళ్లు దాటితే మార్చాల్సిన లెక్కలో వేసుకోండి. వెనక జతల్లో లోపలి టైరును వంగి చూడటం చాలామంది మరిచిపోతారు.

కొన్నాక మొదటి పని విప్పడం. సీటుకు నాలుగేసి బోల్టులు, సగానికి సగం తుప్పుతో పట్టేసి ఉంటాయి. ఒకరు కింద, ఒకరు పైన ఉండి తిప్పాలి, లేకపోతే గ్రైండరుతో కోయాలి. డీజిలు ట్యాంకు, బ్రేకు పైపులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోకుండా గ్రైండరు ఆన్ చేయొద్దు. వెల్డింగ్ చేసేముందు బ్యాటరీ తీగలూ, ఇంజను కంప్యూటరు కనెక్టరూ విప్పేయాలి. నేలను పెచ్చులు పోయేదాకా వైరుబ్రష్షుతో గీకి, మిగిలిన మరకకు రస్ట్ కన్వర్టరు (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పూసి, బోల్టు కన్నాలన్నీ మూసి, పైన ఎపాక్సీ ప్రైమరు. కన్వర్టరు వదులు పెచ్చుల మీద పూస్తే వృథా, అది కింది ఇనుముకు చేరదు.

చాలా బస్సిళ్లు పాడయ్యేది వాన వల్ల అనుకుంటారు. లోపల పుట్టే నీటి వల్లే ఎక్కువ నష్టం. ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి వాళ్ల ఊపిరి, చెమటల నుంచే సుమారు అర లీటరు నీరు ఆవిరిగా గాల్లో కలుస్తుంది. వంటగ్యాసు కిలో కాలితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. చలి రాత్రి ఆ ఆవిరి చల్లటి రేకును తాకి బొట్లుగా మారి, మీరు వేసిన చెక్క వెనక దిగుతుంది. పైకి ఏమీ తెలియదు, రెండేళ్లకు వాసన వస్తుంది. అందుకే చలి, వేడి ఆపడానికి చెక్క వెనక గ్లాస్ ఊల్ (గాజు పీచు) వద్దు, తడి పట్టుకుని వదలదు. రేకుకు అతుక్కునే క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీరు పీల్చని ఫోమ్) గానీ, అంచులు సీలు చేసిన గట్టి ఫోమ్ షీట్లు గానీ వాడండి. పక్కటెముకల్లాంటి ఇనుప కమ్ముల మీద కూడా పలుచటి ఫోమ్ పట్టీ వేయకపోతే చలి వాటి గుండా నేరుగా వస్తుంది. పైకప్పులో ఎగ్జాస్టు ఫ్యాను తప్పనిసరి. ఇదంతా వేసేసరికి నేలా, కప్పూ కలిపి ఎత్తులో దాదాపు 8 సెంటీమీటర్లు పోతుంది. కొనేరోజే టేపు పెట్టి మీ ఎత్తుతో లెక్క చూసుకోండి.

బరువు మాటకొస్తే, 40 మంది ప్రయాణికుల్ని మోసిన బండికి మీ సామాను మొత్తం లెక్కలోది కాదు. అంతా ఒక పక్కనే పడితేనే చిక్కు. 300 లీటర్ల నీళ్లంటే 300 కిలోలు. ట్యాంకు, బ్యాటరీలు, వంటగట్టు ఒకే వైపు వస్తే బండి ఒరుగుతుంది. బరువు వెనక ఇరుసు దాటి వేలాడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. పని సగంలో ఒకసారి, అయ్యాక ఒకసారి కాటాకు తీసుకెళ్లి ముందు ఇరుసు, వెనక ఇరుసు, ఎడమ చక్రాలు, కుడి చక్రాలు విడివిడిగా తూయించండి.

కరెంటు లెక్క రాసుకునే మొదలుపెట్టండి. నేరుగా బ్యాటరీ మీద నడిచే చిన్న డీసీ ఫ్రిజ్ రోజుకు 600 వాట్ అవర్లు (వాట్లను గంటలతో హెచ్చించిన లెక్క), 25 వాట్ల ఫ్యాన్లు రెండు, పది గంటలకు 500, దీపాలు 150, ఫోన్లు, ల్యాప్‌టాప్ 200, నీళ్ల పంపు 50. మొత్తం 1500. రోజుకు నాలుగు గంటల మంచి ఎండ లెక్కన, నష్టాలు పోను 500 వాట్ల సోలార్ ప్యానెళ్లు కావాలి. 24 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి పెడితే ఒక రోజుకు సరిపోయి కొంత మిగులుతుంది. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి కూడా కావాలంటే ఈ లెక్క సరిపోదు: 24 వోల్టుల దగ్గర అది 80 ఆంపియర్లకు పైగా లాగుతుంది. పెద్ద బస్సుల్లో చాలావాటికి 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. వాటిలో ఒకదాని నుంచే 12 వోల్టులు లాక్కుని దీపాలకిస్తే, ఒకటి ఖాళీ, రెండోది అతిగా చార్జి, చివరకు రెండూ పోతాయి. ఇంటి బ్యాటరీ వేరే పెట్టండి, పాజిటివ్ తీగకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

వంటగ్యాసు గాలి కంటే బరువైనది. కారితే నేల మీద పేరుకుంటుంది. సిలిండరును ఇంటి లోపలి వైపు పూర్తిగా మూసి ఉండి, అడుగున బయటికి తెరిచి ఉన్న అరలో ఉంచండి. గ్యాసు అలారం నేలకు దగ్గరగా, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే ఎత్తులో బిగించండి. వెనక అత్యవసర ద్వారానికి అడ్డంగా మంచం వేసిన ఫొటోలు ఈమధ్య చాలా అచ్చవుతున్నాయి. ముందు తలుపు దగ్గర మంటలొస్తే మిగిలేది ఆ ఒక్క దారే. ఇకముందు ఇలాంటి ఇంటి ఫొటో వేసేటప్పుడు, రెండో దారి ఎటుందో కూడా రాయమని మీ విలేకరులకు చెప్పండి.

ఇట్లు,
బస్సు బాడీ పనివారు