రిమోట్ కార్ల డబ్బాపై ఫ్రీక్వెన్సీని తెలుగులో ముద్రించాలి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులు వస్తే హనుమకొండ, వరంగల్ కాలనీల్లో పిల్లలు రిమోట్ కార్లతో గుంపులుగా ఆడుకుంటారు. ఒక్కరే ఆడినంతసేపు చక్కగా నడిచిన కారు, పక్కింటి పిల్లవాడు అదే రకం కారు తేగానే అదుపు తప్పుతుంది. ఒకరు మీట నొక్కితే రెండు కార్లూ కదులుతాయి, ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఏ కారు ఎటు పోతుందో తెలియదు. పిల్లలు కొట్లాడుకుంటారు, పెద్దలు కారు చెడిపోయిందనుకొని దుకాణానికి తిరిగి తీసుకువెళ్తారు. నిజానికి కారు చెడిపోలేదు, దాని తయారీయే అంత.

చవక రకాల్లో ఇప్పటికీ 27 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీపై (రిమోట్ పంపే రేడియో తరంగాల కంపన సంఖ్యపై) నడిచే కార్లు అమ్ముడవుతున్నాయి. వీటిలో చాలావాటి రిమోట్ పంపేది కొన్ని పల్సులను (క్షణకాలపు రేడియో సంకేతాలను) మాత్రమే. ఇన్ని వస్తే ముందుకు, ఇన్ని వస్తే ఎడమకు అని కారులోని చిప్ లెక్కించుకుంటుంది. ఈ ఆదేశం ఫలానా కారుకే అని తెలిపే గుర్తింపు అందులో లేదు కనుక, సంకేతం అందిన ప్రతి కారూ దానికి లోబడుతుంది. ఈ బ్యాండులో, అంటే ఈ ఫ్రీక్వెన్సీల శ్రేణిలో, 26.995 నుంచి 27.255 మెగాహెర్ట్జ్ వరకు ఆరు ఛానళ్లు వాడుకలో ఉన్నా, చవక రిసీవర్లు పక్క ఛానల్‌ను కూడా సరిగా వేరు చేయలేవు.

2.4 గిగాహెర్ట్జ్ కార్ల సంగతి వేరు. రిమోట్‌కూ కారుకూ ముందుగా జత కుదురుతుంది, ఆ తర్వాత ప్రతి ఆదేశంతోపాటు రిమోట్ గుర్తింపు సంఖ్య కూడా వెళ్తుంది, తనది కాని సంఖ్యను కారు పట్టించుకోదు. మంచి రకాల్లో ఫ్రీక్వెన్సీ కూడా క్షణక్షణం మారుతూ ఉంటుంది. టార్పెడోలను (నీటిలో దూసుకెళ్లి ఓడలను పేల్చే ఆయుధాలను) శత్రువు దారి మళ్లించకుండా హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ 1942లో పేటెంట్ పొందిన ఆలోచన ఇదే. అందుకే పదిమంది పిల్లలు ఒకే మైదానంలో ఎవరి కారును వారు నడుపుకోగలరు. జత కుదిర్చేటప్పుడు మాత్రం అన్నింటినీ ఒకేసారి ఆన్ చేయకుండా, ఒక్కో కారునూ దాని రిమోట్‌తో కలిపి ఆన్ చేయాలి.

2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. అది ఎంతో మేలు చేసిన నిర్ణయమే గానీ, ఆ గుర్తు భద్రతకు సంబంధించినది. నలుగురు కలిసి ఆడుకోవచ్చా లేదా అన్నది దాన్ని చూసి తెలుసుకోలేం. డబ్బాపై ఫ్రీక్వెన్సీ ఉన్నా, అది ఒక మూలన సన్నని ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటుంది. కూలి డబ్బులో కొంత దాచి బిడ్డకు కారు కొనే తండ్రికి అది ఎలా తెలుస్తుంది?

కాబట్టి ఫ్రీక్వెన్సీని, ఒకేచోట ఎన్ని కార్లు నడపవచ్చో డబ్బా ముందువైపే పెద్ద తెలుగు అక్షరాల్లో ముద్రించేలా తూనికలు కొలతల శాఖ, వినియోగదారుల వ్యవహారాల శాఖ చొరవ తీసుకోవాలి. అంతవరకు మన దుకాణదారులు అదే రకం కార్లు రెండింటిని పక్కపక్కన నడిపి చూపించిన తర్వాతే అమ్మాలని కోరుతున్నాను.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, హనుమకొండ