బెలుం గుహల ఏకదిన యాత్రపై ఫిర్యాదు

బెంగళూరు,
ఫిబ్రవరి 9.

యాత్రల విభాగం మేనేజరు గారికి,

విషయం: జనవరి చివరి ఆదివారం మా 24 మందికి మీరు ఏర్పాటు చేసిన బెలుం గుహల యాత్ర, తప్పు సలహా, తప్పుడు ప్రకటన, తిరిగి చెల్లించవలసిన డబ్బు.

అయ్యా,

మీ కరపత్రం తెలుగులో ఉంది. "బెంగళూరు తెలుగు కుటుంబాలకు ప్రత్యేకం" అని దాని నెత్తిన పెద్ద అక్షరాలు ఉన్నాయి. ఫోనులో మీ ప్రతినిధి మాట్లాడిందీ తెలుగే. కాబట్టి ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. అర్థం కాలేదనే జవాబు మాత్రం రాకూడదని నా కోరిక.

మరతహళ్ళిలో మా అపార్ట్‌మెంటులోని తెలుగు కుటుంబాల వాళ్ళం ఏటా సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం ఎక్కడికైనా వెళ్ళి వస్తాం. నిరుడు లేపాక్షి చూశాం. ఈసారి పిల్లలు గుహ కావాలన్నారు. ఏ గుహ అన్నది తేల్చే పని నాకు అప్పగించారు. తేల్చాను. ఇప్పుడు లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళూ "వచ్చే ఏడాది ఏ గుహ అండీ?" అని నవ్వుతున్నారు. ఆ నవ్వులకు నేను ఖరీదు కట్టడం లేదు. కానీ నేను తెలియక ఎంపిక చేయలేదని, అడిగి తెలుసుకునే చేశానని, మీరు చెప్పిందే తప్పని రాతపూర్వకంగా ఒక చోట ఉండాలి.

మీ కరపత్రంలో మూడు గుహలు ఉన్నాయి: కోలారు దగ్గరి అంతరగంగె, రాయలసీమలోని బెలుం, మూడు రోజుల యాత్రగా బొర్రా. బొర్రా విశాఖ దాటి అనంతగిరి కొండల్లో ఉంది, అంత సెలవు మాకు లేదు. నా మొగ్గు అంతరగంగె వైపే. బెంగళూరు నుంచి 70 కిలోమీటర్లు, మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అక్కడ గుహలంటే బండరాళ్ళ మధ్య సందులని, పాకుతూ వెళ్ళాలని, పెద్దవాళ్ళ వల్ల కాదని మీ ప్రతినిధి వారించారు. ఆ మాట నిజం. ఆ ఒక్క నిజం చెప్పినందుకే తరువాతివన్నీ నమ్మాను.

నేను మూడు ప్రశ్నలు వేశాను. ఫోనులో ఒకసారి, వాట్సాప్‌లో మరొకసారి. మాలో డెబ్బై దాటిన వాళ్ళు నలుగురు, మా అత్తగారికి ఉబ్బసం, ఇంకొకరికి మోకాళ్ళ నొప్పి. వాళ్ళు లోపల తిరగగలరా? లోపల ఎంత సేపు ఉంటాం? ప్రయాణం ఎన్ని గంటలు? వచ్చిన జవాబు అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "మెట్లు కొన్నే మేడం. లోపల ఏసీలాగా చల్లగా ఉంటుంది, స్వెటర్లు తెచ్చుకోండి. పెద్దవాళ్ళు హాయిగా తిరగవచ్చు. మూడు గంటలు లోపలే. రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటారు." ఆ సందేశం నకలు జతపరిచాను.

స్వెటర్ల సంగతితో మొదలుపెడతాను. గుహ అనగానే చల్లదనం అనుకోవడం సామాన్యుల పొరపాటు. యాత్రలు అమ్ముకునే వాళ్ళకు ఆ పొరపాటు తగదు. లోతైన గుహలో గాలి ఎండాకాలమైనా చలికాలమైనా ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. హిమాలయాల్లో గుహ అయితే అది చల్లదనమే. రాయలసీమలో ఏమవుతుందో ఆలోచించండి. దానికి తోడు లోపల తేమ, కదలని గాలి. బెలుంలో పైనుంచి గొట్టాల ద్వారా గాలి పంపే ఏర్పాటు చేశారు కాబట్టే జనం తిరగగలుగుతున్నారు. లోపలికి వెళ్ళిన పావుగంటకే మా అందరి బట్టలూ తడిసి ముద్దయ్యాయి. స్వెటర్లు బస్సులోనే ఉండిపోయాయి, పదిలంగా.

మా అత్తగారు మెట్లు దిగి, మొదటి విశాలమైన భాగం దాకా నడిచి, ఊపిరి అందక ఆగిపోయారు. మా వారు చేయి పట్టుకుని మళ్ళీ పైకి తీసుకుపోయారు. ఇన్‌హేలరు దగ్గర ఉండబట్టి సరిపోయింది. మిగిలిన ముగ్గురు పెద్దవాళ్ళు ఆ బిలం అంచున నిలబడి కిందికి చూసి, "మీరు వెళ్ళి రండమ్మా" అని చెట్టు నీడకు వెళ్ళిపోయారు. అంత దూరం వచ్చి వాళ్ళు చూసిన గుహ అదే.

ఇక ఫొటో. మీ కరపత్రంలో బెలుం పేరు కింద కొండ పక్కన నోరు తెరిచిన పెద్ద గుహద్వారం, లోపల రంగు దీపాల వెలుగులో లావుపాటి సున్నపు దిబ్బలు ఉన్నాయి. అది బొర్రా. పెళ్ళయిన కొత్తలో విశాఖ నుంచి అరకు రైలులో వెళ్ళి చూశాను కాబట్టి గుర్తుపట్టాను. కాకపోతే గుర్తుపట్టింది బెలుం చేరాక. బెలుం కొండలో లేదు. చదునైన నేలలో, బావుల్లాంటి గుంటలు ఉన్న చోట, ఆ గుంటలోంచి మెట్లు దిగి వెళ్ళాలి. ఆ తేడా తెలియడానికి గుహల శాస్త్రం చదవనక్కర లేదు, ఒకసారి వెళ్ళి చూస్తే చాలు. మీ సంస్థలో ఎవరైనా వెళ్ళారా అన్నది నా అనుమానం. కరపత్రంలో ఊరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. బెలుం ఇప్పుడున్న నంద్యాల జిల్లా ఏర్పడింది 2022లో.

"మూడు కిలోమీటర్ల అద్భుతం నడిచి చూడండి" అని ఇంకో వాక్యం. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, నిజమే. సందర్శకులకు తెరిచింది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్లే. సగం తెరిచిన గుహను మొత్తంగా అమ్మారు. పోనీ, ఆ సగమైనా చూడనిచ్చారా?

బస్సు తెల్లవారుజామున నాలుగింటికి రావాలి, 5.25కు వచ్చింది. చలిలో పెద్దవాళ్ళు రోడ్డు పక్కన నిలబడ్డారు. స్వెటర్లు ఉపయోగపడింది అప్పుడే. బాగేపల్లి దాటాక మీ డ్రైవరుకు తెలిసిన హోటలు దగ్గర గంటకు పైగా ఆగాం. ఆ పైన ఎవరూ అడగకుండానే ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణం ముందు బస్సు ఆగింది. "పది నిమిషాలే" అన్నారు, యాభై నిమిషాలు పట్టింది. గుహకని బయలుదేరి చీరల బీరువాల మధ్య తేలాం. (నేనూ ఒకటి కొన్నాను. చీర బాగుంది. అది మీ గొప్ప కాదు, నేసినవాళ్ళది.) బెలుం చేరేసరికి 2.20. భోజనం ముగించి గుహలోకి దిగింది 3.10కి. మూసే వేళ అవుతోందని, మీ డ్రైవరు తొందరపెడుతున్నాడని మీ గైడు మమ్మల్ని 4.05కి బయటికి తెచ్చేశాడు. మూడు గంటలని చెప్పిన చోట యాభై అయిదు నిమిషాలు. ఇంటికి చేరింది రాత్రి 12.10కి. పొద్దున బస్సెక్కిన దగ్గర నుంచి పద్దెనిమిది గంటల నలభై అయిదు నిమిషాలు. ఒక్కో వైపుకు 270 కిలోమీటర్లకు పైబడిన దారి ఇది. ఒక్క రోజులో చేయాలంటే చీకటితోనే బయలుదేరి, దారిలో ఎక్కడా కాలం పోగొట్టకుండా వెళ్ళాలి. అది చేయలేని వాళ్ళు ఏకదిన యాత్ర అని పేరు పెట్టకూడదు.

గుహ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. నీళ్ళు నల్ల సున్నపురాయిని కరిగించి, తొలిచి, నునుపు చేసి వదిలిన దారులవి. గోడ మీద చెయ్యి వేస్తే ఏటి ఒడ్డున రాయిని తడిమినట్టుంటుంది. ఊడలమర్రి అని పిలిచే చోట పైకప్పు నుంచి దిగిన సున్నపు ఊడలు చూసి మా పక్కింటి తొమ్మిదేళ్ళ పాప మాట్లాడడం మానేసింది. ఆ పాపను ఎరిగినవాళ్ళకు అది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. శివలింగాల్లాంటి రాతి ఆకారాలున్న కోటిలింగాల దగ్గర రెండు నిమిషాలు నిలవనిచ్చారు. తట్టితే ఒక్కో రాయి ఒక్కో స్వరం పలుకుతుందని చెప్పే సప్తస్వరాల గుహ వైపు వెళ్ళనే లేదు. ప్రవేశద్వారం నుంచి 46 మీటర్ల లోతున, అన్నిటికన్నా కింద, పాతాళగంగ ఉంది. నీటిపాయ ఒకటి భూమిలోకి మాయమయ్యే చోటు. పిల్లలు పొద్దుటి నుంచి దాని కోసమే కాచుకున్నారు. ఆరుగురు కుర్రాళ్ళు గైడు అరుస్తున్నా పరుగెత్తి చూసి వచ్చారు. మిగిలినవాళ్ళం వాళ్ళ ఫోనుల్లో చూశాం.

ఆ గైడు గురించి కూడా చెప్పాలి. గుహను పాండవులు తవ్వించారని చెప్పాడు. పాండవులకు మన దేశంలో ఇప్పటికే చాలా తవ్వకాల బాధ్యత ఉంది, ఇది కూడా వాళ్ళ నెత్తిన పెట్టడం అన్యాయం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్ల భూగర్భ శాస్త్రజ్ఞుడు దీన్ని నమోదు చేశాడు. 1982, 83లలో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. 2002లో జనానికి తెరిచారు. ఇంత కథ ఉన్న చోట కట్టుకథ అవసరమా? మా అబ్బాయి ఫుట్ గురించి అడిగితే "ఫుట్‌పాత్ అటువైపు ఉంది బాబూ" అన్నాడు. నవ్వుకున్నాం. నవ్వు వచ్చిందని తప్పు ఒప్పయిపోదు.

మీరు ఏం చెప్పి ఉండవలసింది? పెద్దవాళ్ళు ఉన్నారని చెప్పగానే, బెలుంకు ఒక్క రోజులో వద్దని చెప్పాలి. ముందు రోజు బయలుదేరి తాడిపత్రిలో రాత్రి ఉండి, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుణ్ణి, ఊళ్ళో చింతల వెంకటరమణస్వామిని పెద్దవాళ్ళకు చూపించి, మర్నాడు ఉదయం గుహ తెరవగానే మిగిలినవాళ్ళను తీసుకువెళ్ళవచ్చు. తాడిపత్రి నుంచి బెలుం 30 కిలోమీటర్లే. మీకు రెండు రోజుల డబ్బు వచ్చేది, మాకు గుహ దక్కేది. లేదా పెద్దవాళ్ళకు ఊళ్ళోనే గవిపురంలో గవి గంగాధరేశ్వరుడు ఉన్నాడు, అదీ గుహాలయమే, అని ఒక్క మాట అనవచ్చు. ఎవరు వస్తున్నారో కనుక్కుని గుహ చెప్పాలి. బస్సులో సీట్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో చూసుకుని కాదు.

తలకు 2,300 చొప్పున 24 మందికి 55,200 రూపాయలు మీకు ముందే చెల్లించాం. ప్రవేశ టికెట్లు అందులోనే అన్నారు. కౌంటర్ దగ్గర అవి కూడా మా చేతే కొనిపించారు. ఆ టికెట్ల సొమ్ము, గుహ చూడలేకపోయిన నలుగురు పెద్దవాళ్ళ 9,200, చెప్పిన సమయంలో మూడోవంతు కూడా లోపల ఉండనివ్వనందుకు మిగిలిన 20 మందికి తలా 700 చొప్పున 14,000 తిరిగి ఇవ్వండి. ఇది గొంతెమ్మ కోరిక కాదని లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. బస్సు ఖర్చు, భోజనం ఖర్చు మీకు అయ్యాయి, అవి నేను అడగలేదు. కరపత్రంలో ఆ బొర్రా ఫొటో, "ఏసీలాగా చల్లగా" అన్న మాట, మూడు కిలోమీటర్ల వాక్యం తీసేసి కొత్త ప్రతి నాకు పంపండి. మా అత్తగారికి ఫోను చేసి మీ ప్రతినిధి క్షమాపణ చెప్పాలి. ఆవిడ తిట్టరు, భోజనం చేశారా అని అడుగుతారు. అది కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే బెంగళూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల లోపు విషయానికి రుసుము కూడా లేదు. తప్పుదారి పట్టించే ప్రకటన, సేవలో లోపం అన్న మాటలు రెండూ ఆ చట్టంలోనే ఉన్నాయి.

జతపరచినవి: కరపత్రం, వాట్సాప్ సందేశాల నకలు, చెల్లింపు రసీదు, 24 ప్రవేశ టికెట్లు, బస్సు వచ్చిన వేళ తెలిపే ఫొటో.

ఇట్లు,
24 మంది తరఫున,
గుహను ఎంపిక చేసిన ఆవిడ